మూడో నెంబరు బస్సుకు నాలుగువందల పన్నెండు సంతాపాలు

ఆ మంగళవారం పొద్దున తాక్ యన్‌సిల్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. మధ్యాహ్నం లోపల పత్రిక వెబ్‌సైటుకు కొత్త కామెంట్ల పెట్టె తగిలించాలి, వేడివేడిగా ఆల్చిప్పల నూడుల్స్ తినాలి, సాయంత్రం ఐదింటిలోగా మూడో నెంబరు బస్సును కాపాడాలి. మొదటి రెండూ చేయగలనని ఆమెకు గట్టి నమ్మకం.

గల్‌పో వారపత్రికలో యన్‌సిల్ రిపోర్టరు, ఫొటోగ్రాఫరు, ప్రూఫులు దిద్దే మనిషి, వెబ్‌సైటు చూసే మనిషి. మిగిలిన పనులన్నీ యజమాని ప్యో జోంగ్‌సు చేస్తాడు, అంటే ఆమెను కేకలేస్తాడు. ఎండు సముద్రపు నాచు అమ్మే దుకాణం మీద ఒకే ఒక్క గది వాళ్ల ఆఫీసు.

మూడో నెంబరు బస్సు సోట్‌జే కొండకు అవతల ఉన్న ఐదు పల్లెలను ఊరితో కలిపే ఏకైక బస్సు. సముద్రపు బురదలో ఆల్చిప్పలు ఏరే ఆడవాళ్లు బేసిన్లతో సంతకు వచ్చేది దాంట్లోనే. ఎక్కేవాళ్లు తక్కువయ్యారు కాబట్టి ఒకటో తేదీ నుంచి దాన్ని ఆపేయాలని మండలాధ్యక్షుడు మో గ్వాంగ్‌సోప్ నిర్ణయించాడు. ఆ ఫైలు మీద సంతకం ఆ సాయంత్రం ఐదింటికి. యన్‌సిల్ మూడు వారాలుగా మూడు వార్తలు రాసింది, ఊళ్లో ఒక్కరూ ఉలకలేదు, పలకలేదు. ఆమె ఉండేది ఆ ఐదు పల్లెల్లో చిట్టచివరి దాంట్లో. డ్రైవింగు పరీక్ష ఐదుసార్లు తప్పింది. ఐదోసారైతే పరీక్ష పెట్టిన అధికారి మధ్యలోనే కారు దిగి నడిచి వెళ్లిపోయాడు. బస్సు ఆగితే ఆమె ఉద్యోగం కూడా ఆగిపోతుంది.

"ఏమ్మా యన్‌సిల్, పెట్టె అయిందా?" అని ప్యో గది అవతలి మూల నుంచి అరిచాడు. ఆ మూలకూ ఈ మూలకూ నాలుగు అడుగుల దూరం.

"అవుతోంది సార్. ఇంకాసేపు."

"త్వరగా కానీ. సహకార సంఘం అధ్యక్షుడు మళ్లీ ఫోన్ చేశాడు. 'గట్టు కింద పీత' అనేవాడెవడో ఆయన్ని మళ్లీ ఎండిన ఆక్టోపస్ అన్నాడంట."

పాత కామెంట్ల పద్ధతిలో ఎవరైనా ఏ మారుపేరుతోనైనా రాయవచ్చు. గట్టు కింద పీత, పొద్దుతిరుగుడు అత్త, అసలు నిజం అనే ముగ్గురు కలిసి ఊరి పెద్దలందరినీ ఏళ్ల తరబడి ఉతికి ఆరేశారు. అందుకే ప్యో కొత్త పెట్టె కావాలన్నాడు. ఊళ్లో చేపల దుకాణం నుంచి మండల కార్యాలయం దాకా అందరూ వాడే సోషల్ నెట్‌వర్కే ఆ పెట్టెను ఇతర వెబ్‌సైట్లకు ఉచితంగా ఇస్తోంది. అందులో రాసేవాడి అసలు పేరూ, ఫొటో, ఉద్యోగం అన్నీ కనబడతాయి. రాసిన మాట వార్త కింద పడడమే కాక, ఆ వార్త ఫొటోతో సహా రాసినవాడి సొంత పేజీలోకి కూడా వెళ్తుంది. బంధువులు, పై అధికారులు అందరూ చూస్తారు.

"పేరూ మొహమూ కనపడితే ఎవడు తిడతాడమ్మా? ఇక మనకు ప్రశాంతత!" అన్నాడు ప్యో.

"తిట్టడమే కాదు సార్, అసలు ఎవరూ ఏమీ రాయరేమో."

"అంతకంటే ప్రశాంతత ఇంకేముంటుంది?"

నెట్‌వర్కు వాళ్లు ఇచ్చిన నాలుగు లైన్ల కోడులో ఏ వార్తకు ఆ వార్త చిరునామా పెట్టాలి. యన్‌సిల్ మొదటి పేజీ వార్తకు చిరునామా పెట్టి చూసింది. ఊరి ముఖద్వారం దగ్గర రెండంతస్తుల ఎత్తున కట్టిన సిమెంటు ఆల్చిప్పకు రిబ్బను కత్తిరిస్తూ మండలాధ్యక్షుడు మో పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న వార్త అది. పెట్టె చక్కగా వచ్చింది. సంబరంగా ఆ నాలుగు లైన్లనే కాపీ చేసి వెబ్‌సైటులో ఉన్న అన్ని వార్తల కిందా అంటించింది. చిరునామా మార్చాలన్న సంగతి అప్పటికే నూడుల్స్ వాసనలో కలిసిపోయింది.

ఆ విధంగా గల్‌పో వారపత్రికలో ఏ వార్త కింద ఏం రాసినా అది మో గారి కిందికే చేరే ఏర్పాటు జరిగిపోయింది.

ఆ రోజు వెబ్‌సైటులో అందరూ చదివిన వార్త మాత్రం వేరు. మూడో నెంబరు బస్సును ముప్పై ఒక్క ఏళ్లు నడిపిన బే మన్‌సిక్ తాత, ఎనభై ఎనిమిదేళ్ల వయసులో, ముందురోజు రాత్రి భోజనం చేసి పడుకుని నిద్రలోనే పోయాడు. యన్‌సిల్ చిన్నప్పుడు ఆయన బస్సులోనే బడికి వెళ్లింది. బడి పరీక్ష తప్పిన రోజున ఏడుస్తుంటే స్టీరింగు పక్కన దాచిన కాల్చిన చిలగడదుంప ఇచ్చాడు. ఆయన వార్త రాస్తూ ఆమె రెండుసార్లు కళ్లు తుడుచుకుంది.

ఆల్చిప్పల ఆడవాళ్ల సంఘం పెద్ద చోన్ గేసున్ ఆ వార్త కింద తన ఫోన్లో ఇలా రాసింది: "బతికున్నంతకాలం మూడో నెంబరు బస్సును ఒక్కపూట ఆగనివ్వని మనిషి. మంచు పడ్డా నడిపించాడు, మా బేసిన్లు తన చేత్తో ఎత్తి పెట్టాడు. మహానుభావుడా, నీ ఆత్మకు శాంతి కలగాలి." అది గేసున్ సొంత పేజీలోకి వెళ్లింది. పక్కన ఫొటోలో పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ మండలాధ్యక్షుడు మో ఉన్నాడు.

మండల కార్యాలయంలో పరిపాలనా విభాగాధికారి గూక్ బ్యోంగ్‌హో ఆ పేజీ చూసే సమయానికి పది దాటింది. అధ్యక్షుల వారు ఆ ఉదయమే నగరంలో పెద్ద ఆసుపత్రికి వెళ్లారని ఆయనకు తెలుసు. అది రెండేళ్లకోసారి చేయించుకునే ఆరోగ్య పరీక్షేనని కూడా తెలుసు. అయినా ఫోన్ చేశాడు. అధ్యక్షుల వారి ఫోను ఆపేసి ఉంది. భార్య ఫోను కూడా ఆపేసి ఉంది. ఇద్దరికీ మత్తుమందిచ్చి కడుపులోకి గొట్టం వేస్తున్న సమయమది.

ఇక్కడ ఎవరినైనా అడిగి ఉంటే కథ అయిపోయేది. కానీ పై అధికారి పోయాడన్న సంగతి ఆల్చిప్పల సంఘానికి తెలిసి పరిపాలనా విభాగాధికారికి తెలియకపోవడం కంటే తలవంపులు ఇంకేముంటాయి? గూక్ తలుపు వేసుకుని, నల్ల టై బిగించుకుని, లింకు నొక్కాడు. అధ్యక్షుల వారి ఫొటో కింద అప్పటికే పదిహేను మంది ఏడుస్తున్నారు. తనూ అందరూ రాసే మాటే రాశాడు: "దివంగతుల ఆత్మకు శాంతి కలగాలని శిరసు వంచి ప్రార్థిస్తున్నాను." కింద ఆయన పేరు, ఫొటో, హోదా ముద్ర వేసినట్టు పడ్డాయి.

గూక్ గారు రాశారంటే అది ఇక వార్త కాదు, ఉత్తర్వు. పన్నులవాళ్లు, నీళ్లవాళ్లు, పశువైద్యుడు, పద్దెనిమిది పల్లెల పెద్దలు హోదాల వారీగా వరుస కట్టారు. తనకంటే పైవాడు రాయకుండా కిందివాడు రాయలేదు, పైవాడు రాశాక కిందివాడు ఒక్క నిమిషం ఆలస్యం చేయలేదు. అందరూ గూక్ గారి వాక్యాన్నే కాపీ చేశారు. ఆ పైన ఉన్న వార్తను ఒక్కరూ చదవలేదు. సహకార సంఘం అధ్యక్షుడు మాత్రం "మన ఊరికి తీరని లోటు" అని సొంతంగా నాలుగు మాటలు చేర్చి, వెంటనే పూల దుకాణానికి ఫోన్ చేశాడు.

యన్‌సిల్ నూడుల్స్ తిని, పళ్ల సందులో ఇసుక కరకరలాడుతుండగా ఆఫీసుకు వచ్చేసరికి ప్యో కుర్చీ మీద నిలబడి ఉన్నాడు.

"నూట తొంభై కామెంట్లమ్మా! పొద్దుటి నుంచీ నూట తొంభై! ఇరవై ఏళ్లలో ఇంతమంది మన పత్రిక చదవలేదు!"

"దేని మీద సార్?"

"మో గారి ఆల్చిప్ప ద్వారం మీద! అందరూ తెగ మెచ్చుకుంటున్నట్టున్నారు, చూడు చూడు, కళ్లజోడు లేదు నాకు."

యన్‌సిల్ చూసింది. చదివింది. పంది మాంసం ధరల వార్త తెరిచింది, అక్కడా అవే సంతాపాలు. ఎవరిదో పెళ్లి ప్రకటన తెరిచింది, నవ్వుతున్న కొత్త జంట కింద నూట తొంభై మంది శిరసు వంచి ప్రార్థిస్తున్నారు.

"సార్... మో గారిని చంపేశాం."

ప్యో కుర్చీ దిగాడు. మెల్లిగా కూర్చున్నాడు. "తీసెయ్," అన్నాడు. "అన్నీ తీసెయ్."

"తీయలేను సార్. కామెంట్లు మన దగ్గర ఉండవు, వాళ్ల దగ్గరే ఉంటాయి. పెట్టె మన ఇంట్లో ఉంది, తాళం వాళ్లింట్లో ఉంది."

"అయితే వాళ్లకు ఫోన్ చెయ్!"

"వాళ్లకు ఫోన్ నెంబరు లేదు సార్. సహాయం కావాలంటే ఈ ఫారం నింపమంటున్నారు. అదీ ఇంగ్లీషులో. జవాబు పది పనిదినాల్లో ఇస్తారంట."

"ఆ పెట్టెనే పీకి పారెయ్!"

పీకింది. వార్తల కింద నుంచి పెట్టె పోయింది. కానీ కామెంట్లు అప్పటికే వందల మంది సొంత పేజీల్లో, మో గారి నవ్వుతో సహా, ఊరంతా తిరుగుతున్నాయి. పైగా పెట్టె మాయమవడం చూసి, ప్రభుత్వమే అధికారికంగా ప్రకటించేదాకా విషయం గుట్టుగా ఉంచుతున్నారని గూక్ గారు నిర్ధారించుకున్నాడు. ఆ పుకారు విని ప్యో వెంటనే మళ్లీ పెట్టమన్నాడు, పెట్టింది. ఈసారి నాలుగువందల పన్నెండు.

గేసున్ ఫోన్ చేసింది. ఊరి ఆసుపత్రి కింది అంతస్తులోని సంతాప మందిరం నుంచి మాట్లాడుతోంది.

"ఏమే యన్‌సిల్, మన మన్‌సిక్ అన్న ఏమైనా రహస్యంగా మంత్రి పదవి చేశాడా?"

"ఏమైంది పెద్దక్కా?"

"ఏమైందా? పూల స్టాండ్లే! మూడంతస్తుల తెల్లచామంతులు, మనిషెత్తువి! మండల కార్యాలయం, సహకార సంఘం, పోలీసు వాళ్లు, ఆ పక్క మండలం కూడా పంపింది. మెట్ల దాకా నిలబెట్టాం, ఇక చోటు లేదు. వదినేమో ఒక్కో రిబ్బనూ చదువుకుంటూ కూర్చుంది. నువ్వేం రాశావే వార్తలో?"

యన్‌సిల్‌కు అర్థమైంది. ఊళ్లో ఉన్నది ఒకే సంతాప మందిరం. అందులో ఆ రోజు ఉన్నది ఒకే ఒక్క శవం. పూల రిబ్బన్ల మీద పంపినవాళ్ల పేరే ఉంటుంది, పోయినవాళ్ల పేరు ఉండదు. పూల దుకాణం వాళ్లు ఎవరని అడగలేదు, ఇవాళ పోయిన పెద్దమనిషి ఎక్కడ అని మాత్రం అడిగారు.

యన్‌సిల్, ప్యో పరుగు పరుగున మందిరానికి చేరేసరికి పెద్దలు దిగడం మొదలైంది. అందరికంటే ముందు గూక్. చేతిలో బ్యాగు, బ్యాగులో ఆ సాయంత్రం సంతకం కావలసిన బస్సు ఫైలు. చెప్పులు విడిచి లోపలికి వెళ్లి తలెత్తితే, చామంతుల మధ్య ఫొటోలో డ్రైవరు టోపీ పెట్టుకున్న బే తాత. గూక్ నోరు తెరిచాడు. ఈ లోపల వెనకే వచ్చిన సహకార సంఘం అధ్యక్షుడు, కళ్లు మూసుకుని, సాష్టాంగపడి రెండుసార్లు మొక్కేశాడు. ఆయన వెనక పోలీసు అధికారి మొక్కాడు. శవం ముందు నిలబడి ఈయన కాదు అనడం ఎవరి తరం? గూక్ కూడా మొక్కాడు. మొక్కిన తర్వాత వచ్చినవాళ్లకు పెట్టే, ఎర్రగా కాగిన యుక్కేజాంగ్ పులుసు తాగకుండా వెళ్లడం ఇంకా పెద్ద తప్పు. అందువల్ల నాలుగింటికల్లా గల్‌పో మండలంలోని అధికార యంత్రాంగమంతా నల్ల టైలతో, ఆల్చిప్పల ఆడవాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చుని, తలొంచుకుని పులుసు తాగుతోంది.

"మా మన్‌సిక్ అన్న ఉండగా బస్సు ఆగిందా చెప్పండి," అంటూ గేసున్ పోలీసు అధికారి గిన్నెలో ఇంకో గరిటె పోసింది. "ఇప్పుడు ఆపుతారంట. అన్నను పూడ్చకముందే బస్సును పూడుస్తారంట."

"అయ్యో, అవునా," అన్నాడు పోలీసు అధికారి, గూక్ వైపు చూడకుండా.

అప్పుడు తలుపు దగ్గర అలజడి రేగింది. మండలాధ్యక్షుడు మో గ్వాంగ్‌సోప్ సజీవంగా లోపలికి వచ్చాడు.

మూడింటికి ఫోను తెరిస్తే ఎనభై ఏడు కాల్స్ చూసుకున్నాడు. కారులో దారి పొడవునా కామెంట్లు చదువుతూనే వచ్చాడని, మొదట తిట్టాడని, తర్వాత తిట్టడం మానేశాడని, వంతెన దాటాక ముక్కు చీదుకున్నాడని ఆయన కారు డ్రైవరు తర్వాత చెప్పాడు. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు. ఒంటి మీద ఆసుపత్రి చొక్కా కాలరు కోటు పైకి కనబడుతోంది.

పులుసు గిన్నెలన్నీ గాల్లో ఆగిపోయాయి. సహకార సంఘం అధ్యక్షుడి చెంచా కింద పడింది.

"ఎవరు?" అన్నాడు మో. "నన్ను చంపింది ఎవరు?"

ప్యో పక్క మండలం వాళ్ల పూల స్టాండు వెనక్కి జరిగాడు. యన్‌సిల్ ఒక అడుగు ముందుకేసింది. ఉద్యోగం పోయినట్టే, బస్సూ పోయినట్టే, ఇక పోవడానికి ఏముంది అనుకుంది. నోరు తెరవబోయింది. అంతలో బే తాత భార్య లేచి వచ్చి మో చేతులు రెండూ పట్టుకుంది.

"బాబూ," అంది ముసలావిడ. "నిన్ను పాడు మనిషివనుకున్నాను. నోరారా తిట్టుకున్నాను. ఒక బస్సు డ్రైవరు పోతే ఇన్ని పూలు పంపావు, నీ మనుషులందరినీ పంపావు. మా ఆయన పోయినా బస్సును పోనివ్వవు నువ్వు. నాకు తెలుసు."

మో చుట్టూ చూశాడు. చామంతులు, నల్ల టైలు, బేసిన్లు ఎత్తి ఎత్తి మొద్దుబారిన చేతులతో నిలబడ్డ ముప్పై మంది ఆడవాళ్లు. ఎవరూ కళ్లు తిప్పుకోవడం లేదు. యన్‌సిల్ క్షమాపణ చెప్పడానికి తెరిచిన నోటితో ఇంకో మాట అంది. అది తన నోటి నుంచే వచ్చిందని ఆమెకు చాలాసేపటి దాకా నమ్మకం కలగలేదు.

"సార్, వారపత్రిక నుంచి. 'బతికున్నంతకాలం మూడో నెంబరు బస్సును ఆగనివ్వని మనిషి' అని మీ ఫొటో కింద రాశారు. దాని కింద నాలుగువందల మందికి పైగా సంతకం పెట్టినట్టు పేరూ ఫొటోతో సహా రాశారు. మీరేమంటారు?" అంటూ కెమెరా ఎత్తింది.

మో మెల్లిగా గూక్ వైపు తిరిగాడు. "నువ్వూ రాశావా?"

"రాశాను సార్," అన్నాడు గూక్ లేచి నిలబడి. "ఆఫీసులో అందరికంటే ముందు."

మో మనసులో ఓట్లు లెక్కేసుకున్నాడు. పోయినసారి ఆయన గెలిచింది నూట ఆరు ఓట్లతో. తను పోయాక ఊరు తన గురించి ఏమనుకుంటుందో ప్రాణం ఉండగానే చదివినవాడు ఆ మండలంలో ఆయనొక్కడే. ఆ చదివిన వాటిలో బాగున్న మాటలన్నీ బస్సు గురించే. సిమెంటు ఆల్చిప్ప గురించి ఒక్కటీ లేదు.

"ఫైలు ఏదీ?" అన్నాడు.

గూక్ బ్యాగులోంచి తీసి రెండు చేతులతో ఇచ్చాడు. మో దాన్ని తెరవకుండానే గేసున్ చేతిలో పెట్టాడు.

"అక్కా, ఇది మీ దగ్గరే ఉంచండి. బే పెద్దాయన బస్సును నేను ఆపుతానా?" అని, గొంతు వణికి, ఫొటో ముందుకెళ్లి రెండుసార్లు సాష్టాంగపడ్డాడు. వణుకు మత్తు వల్లనని డ్రైవరు అంటాడు. యన్‌సిల్ ఒప్పుకోదు.

గేసున్ ఫైలును అటూ ఇటూ తిప్పి చూసి, నేల మీద పెట్టి, దాని మీద కాగుతున్న పులుసు గిన్నె దించింది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. సంతాప మందిరంలో చప్పట్లు కొట్టకూడదని ఎవరికీ గుర్తు రాలేదు. బే తాత భార్య కూడా కొట్టింది. యన్‌సిల్ ఫొటో తీసి, అక్కడే గోడకు ఆనుకుని కూర్చుని, కళ్లు మసకబారుతుండగా ఫోన్లోనే వార్త రాసి పంపేసింది. ప్యో పూల వెనక నుంచి బయటికొచ్చి, "ఇదంతా నా ఆలోచనే," అని పోలీసు అధికారికి చెప్పడం మొదలుపెట్టాడు.

మర్నాడు యన్‌సిల్ మండల కార్యాలయానికి వెళ్లి జరిగింది జరిగినట్టు ఒప్పుకుంది. మో విన్నాడు. ఆ కామెంట్లన్నీ రాసినవాళ్ల చేతే తీయించమన్నాడు. ఆమె తలుపు దాకా వెళ్లాక, గేసున్‌ది మాత్రం ఉంచమన్నాడు. గూక్ గారైతే ఆ రోజు నుంచి పొద్దున్నే ఎనిమిదింటికి అధ్యక్షుల వారికి ఫోన్ చేసి "భోంచేశారా సార్?" అని అడుగుతున్నాడు. అవునని జవాబు వస్తేనే మిగతా పనులు.

ఒకటో తేదీన మూడో నెంబరు బస్సు సోట్‌జే కొండ మీదుగా వేళకే వచ్చింది. ముందు అద్దం మీద బే తాత టోపీ వేలాడుతోంది. బేసిన్ల మధ్య కాళ్లు ముడుచుకుని కూర్చున్న యన్‌సిల్ ఒళ్లో గేసున్ వేడి చిలగడదుంప పెట్టింది. ఊళ్లో దిగేలోపు యన్‌సిల్ పత్రిక వెబ్‌సైటు తెరిచి చూసుకుంది. పెట్టె బాగుపడింది. ఇప్పుడు ఏ వార్త మీది కామెంట్లు ఆ వార్త కిందే వస్తున్నాయి, అంటే ఎవరూ ఏమీ రాయడం లేదు.